ఆదేశాల పట్టిక ఎవరి చేతిలో ఉంది?



రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను కొత్తగా కడుతున్నామని 2025లో రైల్వే మంత్రి పార్లమెంటుకు రాతపూర్వకంగా ఒక జవాబిచ్చారు. నిమిషానికి 25 వేల టికెట్లు ఇచ్చే వ్యవస్థ ఇకమీదట లక్షకు పైగా ఇస్తుందన్నది అందులో పెద్ద వార్త. దాంతోపాటు మరో వాక్యం కూడా ఉంది. అప్పటికి ఉన్న వ్యవస్థ 2010లో పెట్టిందనీ, అది ఐటానియం సర్వర్ల మీద, ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టంతో నడుస్తోందనీ. కంప్యూటర్ల లోపలి సంగతులు పట్టించుకునేవాళ్ల చూపు ఈ వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే ఇంటెల్ సంస్థ ఐటానియం ప్రాసెసర్లను ఆఖరిసారి పంపింది 2021 జులైలో. ఆ తరవాత వాటి సరఫరాయే లేదు. అంటే దేశంలో ఎవరికి ఏ బోగీలో ఏ బెర్తు అన్న లెక్కంతా, తయారీ ఆగిపోయిన ఒక ప్రాసెసర్ మీద నడుస్తూ వచ్చిందన్నమాట.

రైల్వేను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. నిజానికి వాళ్లు ఇలాంటి ఏరు చాలాసార్లు దాటారు. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైనప్పుడు కింద పనిచేసింది అమెరికాకు చెందిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ యంత్రం. సాఫ్ట్‌వేర్ రాసింది అప్పటి మన ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ. ఆ తరవాత రైల్వే సొంత సంస్థ క్రిస్, కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదింటినీ 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిపారు. సికింద్రాబాద్ కౌంటర్లో ఫారం ఇచ్చి హౌరా నుంచి ఢిల్లీకి బెర్తు తీసుకోవడం మనకు అలా అలవాటైంది. ఈలోగా వ్యాక్స్ కాలం చెల్లింది, ఆల్ఫా వచ్చింది. ఆల్ఫాను ఆపేశారు, ఐటానియం వచ్చింది. ఐటానియం కూడా పోయింది. కౌంటరు ముందు నిలబడ్డ మనకు ఇవేవీ తెలియవు. తెలియకుండా చూడడానికి లోపల ఎంతమంది ఇంజనీర్లు ఎన్ని రాత్రులు మేలుకున్నారో వాళ్లకే తెలియాలి.

ప్రాసెసర్ కుటుంబాలు ఎందుకు పుడుతున్నాయి, ఎందుకు పోతున్నాయి, ఈ పోటీలో గెలుపును తేల్చేదేమిటి, ఇకముందు ఇది ఎటు సాగుతుంది, అందులో మన చోటు ఎక్కడ? ఈరోజు నా ప్రసంగం వీటి గురించే.

ముందుగా ఆర్కిటెక్చర్ అంటే ఏమిటో చూద్దాం. ప్రాసెసర్‌కు తెలిసినవి చాలా చిన్న పనులు. ఈ రెండు అంకెలూ కూడు, మెమరీలో ఫలానా చోట ఉన్న విలువ పట్టుకురా, ఫలితం సున్నా అయితే ఫలానా ఆదేశం దగ్గరికి వెళ్లు. ఒక్కో ఆదేశానికీ సున్నాలూ ఒకట్లతో కూర్చిన ఒక గుర్తు ఉంటుంది. ఈ ఆదేశాల పట్టికే ఇన్‌స్ట్రక్షన్ సెట్. మనం తెలుగులో టైపు చేసే సందేశమైనా, బ్యాంకు వడ్డీ లెక్కయినా చివరికి ఈ పట్టికలోని ఆదేశాలుగా మారాల్సిందే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకూ, చిప్పు తయారుచేసేవాళ్లకూ మధ్య ఇదొక ఒప్పందం. ఈ పట్టికలో ఉన్నవి వాడుకుని మీరు రాయండి, ఉన్నది ఉన్నట్టు చేసిపెట్టే యంత్రాన్ని మేమిస్తాం అని. రైలు పట్టాల గేజ్ ఇలాంటిదే. బొగ్గింజను పోయి డీజిలింజను, అదీ పోయి కరెంటింజను వచ్చినా బ్రాడ్ గేజ్ బ్రాడ్ గేజే. కానీ గేజ్ మార్చాల్సి వచ్చిన రోజున సంగతి వేరు. గుంటూరు, గుంతకల్లు లైనులో మీటర్ గేజ్ తీసి బ్రాడ్ గేజ్ వేసిన కాలం చూసినవాళ్లకు అది గుర్తుంటుంది. పట్టాలొక్కటే మారితే చాలదు, ఇంజన్లూ పెట్టెలూ అన్నీ మారాలి.

ఈ ఒప్పందాన్ని యంత్రం నుంచి విడదీసి చూపించినవాళ్లు ఐబీఎంలోని జీన్ ఆమ్డాల్, ఫ్రెడ్ బ్రూక్స్ బృందం. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టం 360 కుటుంబాన్ని ప్రకటించింది. అప్పటిదాకా ఒకే కంపెనీ చేసిన రెండు కంప్యూటర్ల మధ్య కూడా పొత్తు కుదిరేది కాదు. పెద్ద యంత్రం కొంటే పాత ప్రోగ్రాములు చెత్తబుట్టకే. 360లో మాత్రం చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రంలోనూ నడిచింది. ఆ ఒప్పందం వారసులైన మెయిన్‌ఫ్రేములు నేటికీ ప్రపంచంలోని పెద్ద పెద్ద బ్యాంకుల్లో పనిచేస్తున్నాయి. అరవై ఏళ్లు దాటింది. యంత్రం ఆయుష్షు పదేళ్లయితే ఒప్పందం ఆయుష్షు తరాలన్న సంగతి అప్పుడే తేలిపోయింది.

ఇక మన ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చిన ఇంటెల్ కథ. 1970ల మధ్యలో ఇంటెల్ ఆశలన్నీ ఒక బృహత్తర ప్రాసెసర్ మీద ఉండేవి. తరవాత దానికి ఐఏపీఎక్స్ 432 అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద ఊహలతో, ప్రోగ్రామింగ్ భాషలకు దగ్గరగా ఉండేలా దాన్ని మలచబోయారు. అది ఎంతకీ పూర్తికాలేదు. ఈలోగా మార్కెట్లో చోటు పోకుండా కాపాడుకోవడానికి తాత్కాలికంగా ఒక చిప్పు చేయమన్నారు. దాని ఆదేశాల పట్టికను రూపొందించే పని స్టీఫెన్ మోర్స్ అనే ఇంజనీరుకు అప్పగించారు. 1978లో విడుదలైన ఆ తాత్కాలిక చిప్పు పేరు 8086. దాని తమ్ముడు 8088ను 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్లో పెట్టింది. బృహత్తర ప్రాసెసర్ కూడా అదే ఏడాది వచ్చింది. నత్తనడక నడిచి కనుమరుగైపోయింది. తాత్కాలికమైనది మాత్రం 80386గా, పెంటియంగా, నేటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌గా పెరుగుతూ వచ్చింది. ఎక్స్86 అని మనం పిలిచే కుటుంబం అదే.

ఆ పట్టిక అందమైనదేమీ కాదు. ఒక ఆదేశం ఒక్క బైటుంటే ఇంకొకటి పదిహేను బైట్ల దాకా సాగుతుంది. ఎక్కడ ఒకటి ముగిసి ఎక్కడ ఇంకొకటి మొదలైందో తేల్చుకోవడానికే ప్రాసెసర్ ఎంతో శ్రమపడాలి. అయినా గెలిచింది. డాస్, లోటస్, విండోస్, ఆఫీసు లెక్కలు, ఆటలు అన్నీ ఆ పట్టికలోనే రాసి ఉన్నాయి గనక. ప్రోగ్రాములు పోగుపడ్డకొద్దీ పట్టికను వదిలిపెట్టడం కష్టమైంది. వదలలేని కొద్దీ ఇంకా ప్రోగ్రాములు పోగుపడ్డాయి.

ఇందులో రెండో కంపెనీ ఎలా వచ్చిందన్నది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఒక్క సంస్థనే నమ్ముకుంటే రేపు సరఫరా ఆగితే ఏం గతి అని ఐబీఎం పట్టుబట్టింది. దాంతో ఇంటెల్ 1982లో ఏఎండీ అనే మరో కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. తరవాత 386 వచ్చేసరికి పంచుకోనని మొండికేసింది. కోర్టులు, మధ్యవర్తులు, ఏళ్ల తరబడి తగాదాలు. ఏఎండీ తానే శ్రమపడి 1991లో సొంత 386 తెచ్చింది. కొనేవాడు బలవంతుడై ఉండి ముందుగానే షరతు పెట్టాడు కాబట్టి ఆ పోటీ బతికింది. ఆ పోటీయే తరవాత ఎక్స్86ను కాపాడింది కూడా.

1990ల్లో కంప్యూటర్లు 32 బిట్ల నుంచి 64 బిట్లకు మారాల్సిన సమయం వచ్చింది. ఇంటెల్ మళ్లీ బృహత్తరంగా ఆలోచించింది. పాత పట్టికను పక్కనపెట్టి, హెచ్‌పీ సంస్థతో 1994లో చేతులు కలిపి పూర్తిగా కొత్త ఆర్కిటెక్చర్ మొదలుపెట్టింది. అదే ఐటానియం. దాని వెనక ఉన్న ఆలోచనలో తెలివి ఉంది. ఏ ఆదేశాలను ఒకేసారి పక్కపక్కన నడపవచ్చో కనిపెట్టడానికి మామూలు ప్రాసెసర్ నడుస్తున్నంతసేపూ తల పగలగొట్టుకుంటుంది. ఆ పనిని ముందుగానే, ప్రోగ్రామును అనువదించే కంపైలర్ చేసిపెడితే చిప్పు సులువుగా ఉంటుంది కదా అన్నారు. అయితే నడిచే ప్రోగ్రాములో రేపు ఏం జరుగుతుందో కంపైలర్‌కు ఎలా తెలుస్తుంది? కావలసిన విలువ పక్కనే ఉన్న క్యాష్ మెమరీలో దొరుకుతుందా, లేక దూరాన ఉన్న పెద్ద మెమరీ దాకా వెళ్లాలా అన్నది నడిచే క్షణంలోగాని తేలదు. దగ్గరుంటే ప్రాసెసర్ గడియారం కొద్ది టిక్కుల్లో పని అవుతుంది, దూరముంటే వందల టిక్కులు ఆగాలి. కాగితం మీద వేసిన ప్రణాళిక అక్కడే చెదిరిపోయింది. పాత ఎక్స్86 ప్రోగ్రాములు ఐటానియం మీద ఈడ్చుకుంటూ నడిచేవి.

2001లో మొదటి ఐటానియం బయటికొచ్చింది. 2003 ఏప్రిల్‌లో ఏఎండీ ఆప్టెరాన్ తెచ్చింది. పాత ఎక్స్86 పట్టికనే 64 బిట్లకు పొడిగించి, మీ పాత ప్రోగ్రాములన్నీ ఉన్నవి ఉన్నట్టు నడుస్తాయి, కొత్తవి కూడా రాసుకోండి అంది. తీర్పు త్వరగానే వచ్చింది. మరుసటి ఏడాదే ఇంటెల్ కూడా తన ప్రాసెసర్లలో ఏఎండీ పొడిగింపునే అనుసరించాల్సి వచ్చింది. కానీ ఐటానియం వస్తుందన్న భయంతో అప్పటికే ఎంత నష్టం జరిగిందో చూడండి. 1992లో వచ్చినప్పుడు వేగంలో సాటిలేదనిపించుకున్న ఆల్ఫాను, డిజిటల్‌ను కొనేసిన కాంపాక్ సంస్థ 2001లో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మేమిక ఐటానియంకు మారతామంది. వేగవంతమైన దాన్ని, ఇంకా నిరూపణ కాని దానికోసం వదిలేశారు. మన రైల్వే రిజర్వేషన్ ఆల్ఫా నుంచి ఐటానియంకు మారడం వెనక ఉన్న కథ ఇదే. సికింద్రాబాద్‌లో కూర్చున్నవాళ్లకు ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేదు.

ఇదంతా ఒక దారి. ఇంకో దారి కేంబ్రిడ్జిలో మొదలైంది.

ఎకార్న్ అనే చిన్న బ్రిటిష్ కంపెనీ బీబీసీ కోసం స్కూలు పిల్లల కంప్యూటర్లు చేసేది. తరవాతి కంప్యూటరుకు తగిన ప్రాసెసర్ కోసం వెదికి, ఏదీ నచ్చక, సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1983లో అమెరికాలోని ఫీనిక్స్‌కు వెళ్లారు. అక్కడ ఒక చిప్పు కంపెనీని చూశారు. వందలమంది ఉంటారనుకుంటే కొద్దిమంది, చిన్న ఇల్లు, సామాన్యమైన పరికరాలు. వాళ్లు చేయగలిగింది మనం మాత్రం ఎందుకు చేయలేం అనుకుంటూ తిరిగొచ్చారు. ఆదేశాల పట్టిక విల్సన్ రాశారు, చిప్పు లోపలి నిర్మాణం ఫర్బర్ చూశారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో, బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ అప్పటికే ఒక మాట చెబుతున్నారు: ఆదేశాలు తక్కువగా, సరళంగా, ఒకే పొడవులో ఉంటే చిప్పు చిన్నదవుతుంది, వేగంగా నడుస్తుంది అని. దీన్నే రిస్క్ పద్ధతి అన్నారు. ఈ ఆలోచనకు ఐబీఎంలో జాన్ కాక్ ఇంకా ముందే బాట వేశారు. ఎకార్న్ ఇంజనీర్లు ఆ పద్ధతినే పట్టుకున్నారు.

1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు వారి చేతికొచ్చింది. పెట్టగానే పనిచేసింది. కరెంటు ఎంత తీసుకుంటోందో చూద్దామని ఫర్బర్ మీటరు పెడితే ముల్లు కదల్లేదు. చివరికి చూస్తే బోర్డులో లోపంవల్ల చిప్పుకు కరెంటు తీగ అసలు కలవనేలేదు. పక్క చిప్పుల నుంచి వచ్చే సంకేతాల్లోని కొద్దిపాటి విద్యుత్తుతోనే అది లెక్కలు చేసేస్తోంది! కరెంటు పొదుపు వాళ్లు మొదట పెట్టుకున్న లక్ష్యమేమీ కాదు. చవకైన ప్లాస్టిక్ తొడుగులో పెడితే వేడికి కరగకుండా ఉంటే చాలనుకున్నారు. ఇంటెల్ 386 కూడా అదే ఏడాది వచ్చింది. దానిలో ట్రాన్సిస్టర్లు 2,75,000. ఈ చిప్పులో సుమారు 25,000. ఈ చిప్పు పేరే ఆర్మ్.

1990 నవంబరులో ఎకార్న్, ఆపిల్, వీఎల్ఎస్ఐ టెక్నాలజీ కలిసి ఆర్మ్‌ను వేరే కంపెనీగా పెట్టాయి. పన్నెండుమంది ఇంజనీర్లు, కేంబ్రిడ్జి దగ్గరి ఒక పల్లెలో ధాన్యపు కొట్టంలో ఆఫీసు. చిప్పులు తయారుచేసే స్తోమత లేదు కాబట్టి డిజైను లైసెన్సుకిచ్చి, అమ్ముడుపోయిన ప్రతి చిప్పు మీద కొద్దిగా రాయల్టీ తీసుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఆ పేదరికమే వాళ్లకు బలమైంది. ఇంటెల్ పట్టికను వాడాలంటే ఇంటెల్, లేదంటే ఏఎండీ చేసిన చిప్పే కొనాలి. ఆర్మ్ పట్టికనైతే ఎవరైనా డబ్బు కట్టి తమ చిప్పులో ఇమిడ్చుకోవచ్చు. నోకియా ఫోన్ల నుంచి నేటి స్మార్ట్‌ఫోన్ల దాకా అది అలా పాకింది. ఇంటెల్ చేతిలోనూ ఆర్మ్ ఆధారంగా చేసిన ఎక్స్‌స్కేల్ అనే చిప్పులుండేవి. 2006లో ఆ విభాగాన్ని అమ్మేసింది. 2007లో ఐఫోన్ వచ్చింది. ఆ ఫోన్లో తమ చిప్పు ఉండే అవకాశం వచ్చినా, ఆపిల్ ఇస్తానన్న ధర గిట్టుబాటు కాదన్న లెక్కతో వదులుకున్నామని ఇంటెల్ అధిపతిగా ఉన్న పాల్ ఓటెలినీ పదవి దిగేముందు స్వయంగా చెప్పారు. ఎంత అమ్ముడవుతుందన్న అంచనా తప్పింది.

ఆ తరవాత సంగతులు మీకు తెలిసినవే. 2018లో అమెజాన్ తన సర్వర్లకు సొంత ఆర్మ్ చిప్పులు చేసుకుంది. 2020 జూన్‌లో జపాన్ వారి ఫుగాకు ఆర్మ్ ప్రాసెసర్లతో ప్రపంచంలోకెల్లా వేగమైన సూపర్ కంప్యూటర్ అయింది. అదే ఏడాది నవంబరులో ఆపిల్ తన ల్యాప్‌టాప్‌ల నుంచి ఇంటెల్‌ను తీసి సొంత ఎం1 పెట్టింది. పాత ప్రోగ్రాములను కొత్త పట్టికలోకి మార్చిపెట్టే రోసెట్టా అనే అనువాదకం దానికి తోడుగా ఇచ్చింది. ఆపిల్‌కు ఈ మార్పు కొత్త కాదు, అంతకుముందే రెండుసార్లు పట్టిక మార్చింది. చిప్పు, ఆపరేటింగ్ సిస్టం, ప్రోగ్రాములు అమ్మే దుకాణం అన్నీ ఒక్క చేతిలో ఉన్నవాళ్లకే అది చెల్లుతుంది.

మరి ఆర్మ్ పట్టిక మంచిదవబట్టేనా కరెంటు తక్కువ తాగుతోంది? ఈ మాట చాలామంది అలవోకగా అనేస్తుంటారు. 1995లో పెంటియం ప్రో వచ్చినప్పటి నుంచీ ఇంటెల్ ప్రాసెసర్లు తమ పాత ఆదేశాలను లోపలే చిన్న చిన్న సరళమైన ఆదేశాలుగా ముక్కలు చేసుకుని నడుపుతున్నాయి. 2013లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు కుటుంబాల ప్రాసెసర్లనూ కొలిచి చూసి, కరెంటు ఖర్చులో తేడా డిజైను వల్ల వస్తోందే తప్ప పట్టిక వల్ల కాదని తేల్చారు. పట్టిక ప్రభావం అసలే లేదని నేననను. ఒకే పొడవున్న ఆదేశాలను ఒకేసారి ఎనిమిదేసి విప్పడం ఎం1కు సులువైంది, ఎక్స్86లో ఆ పని కష్టం. అయితే ఈ పోటీ మొత్తంలో నన్ను కలవరపెట్టేది వేగమూ కాదు, కరెంటూ కాదు. ఒప్పందం ఎవరి సొత్తు అన్నదే.

ఎక్స్86 ఉన్నది ప్రధానంగా ఇద్దరి చేతుల్లో. ఆర్మ్ ఒక్కరి చేతిలో. 2016లో జపాన్‌కు చెందిన సాఫ్ట్‌బ్యాంక్ ఆర్మ్‌ను కొనేసింది. 2020లో గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్‌విడియా దాన్ని 4,000 కోట్ల డాలర్లకు కొంటానంది. ఆర్మ్ లైసెన్సు మీద బతికే కంపెనీలన్నీ ఉలిక్కిపడ్డాయి. తమ పోటీదారుడే తమ ఒప్పందానికి యజమాని అవుతాడంటే ఎవరికి నిద్రపడుతుంది? ప్రభుత్వాలు అడ్డుకున్నాక 2022 ఫిబ్రవరిలో ఆ బేరం రద్దయింది. అదే ఏడాది ఆర్మ్ తన పెద్ద ఖాతాదారు క్వాల్‌కామ్ మీదే లైసెన్సు తగాదాతో కోర్టుకెక్కింది. 2024 డిసెంబరులో జ్యూరీ చాలావరకు క్వాల్‌కామ్ వైపు మొగ్గింది. అంత పెద్ద కంపెనీకే ఇంత ఇబ్బంది వస్తే, హైదరాబాద్‌లో నలుగురు ఇంజనీర్లు కలిసి పెట్టుకున్న చిన్న సంస్థ గతేమిటో ఊహించుకోండి.

ఈ చిక్కుకు విరుగుడు 2010 వేసవిలో బర్క్‌లీలో మొదలైంది. క్రిస్టె అసనోవిచ్ బృందానికి పరిశోధనకూ పాఠాలకూ ఒక ఆదేశాల పట్టిక కావలసి వచ్చింది. ఎక్స్86 దొరకదు, ఆర్మ్ లైసెన్సు గొడవ. సరే, మనమే కొత్తది రాద్దామనుకున్నారు. ప్యాటర్సన్ అండగా నిలిచారు. అది రిస్క్ ఫైవ్. ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదు, అనుమతి అడగనక్కర్లేదు. మూలంలో ఉన్న ఆదేశాలు యాభైకి లోపే, మిగతావన్నీ అవసరాన్ని బట్టి చేర్చుకునే భాగాలు. 2015లో దీనికి ఒక ఫౌండేషన్ ఏర్పడింది. ఏ ఒక్క దేశం ఆంక్షలకూ చిక్కకూడదని 2020లో అది స్విట్జర్లాండ్‌కు మారింది. రిస్క్ పద్ధతికి ఆద్యుల్లో ఒకటైన మిప్స్ సంస్థ సైతం సొంత పట్టికను పక్కనపెట్టి రిస్క్ ఫైవ్‌కు మారిందంటే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది.

అయితే ఒక భ్రమ తొలగించుకోవాలి. పట్టిక ఉచితమంటే చిప్పు ఉచితమని కాదు. డిజైను చేయాలి, పరీక్షించాలి, ఎక్కడో ఫ్యాక్టరీలో తయారుచేయించాలి. ఎవరికి వారు సొంత ఆదేశాలు చేర్చుకుంటూ పోతే ఒకరి ప్రోగ్రాము ఇంకొకరి చిప్పు మీద నడవని పాత రోజులు మళ్లీ వస్తాయి. ఆ ప్రమాదాన్ని వాళ్లూ గుర్తించారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు నమ్ముకోగలిగే ఉమ్మడి జాబితాను ఆర్‌వీఏ23 పేరుతో 2024 అక్టోబరులో ఖరారు చేశారు. అదే నెలలో నాలుగు దశాబ్దాల ప్రత్యర్థులు ఇంటెల్, ఏఎండీ కలిసి ఎక్స్86ను ఒక్కతాటి మీద ఉంచడానికి సలహా బృందం పెట్టుకున్నాయి. పాత వైరాన్ని మరిపించేంత భయం వాళ్లకు పట్టుకుంది.

మన దేశానికి వద్దాం. హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ 12 అనే కంప్యూటర్ తయారుచేసింది, ఆ తరవాత టీడీసీ 316 వచ్చింది. ఒకటి 12 బిట్లది, ఇంకొకటి 16 బిట్లది. ఆనాటి పరిస్థితుల్లో అది గొప్ప సాహసం. యంత్రాలు తయారుచేశాం, కానీ వాటి చుట్టూ తరాల తరబడి ప్రోగ్రాములు పోగుపడేంత పెద్ద లోకాన్ని కట్టలేకపోయాం. ఇప్పుడు రెండో అవకాశం వచ్చింది. మద్రాస్ ఐఐటీలో వి. కామకోటి నాయకత్వంలో శక్తి ప్రాసెసర్లు రిస్క్ ఫైవ్ మీద రూపొందాయి. 2018లో ఒకటి ఇంటెల్ వారి అమెరికా ఫ్యాక్టరీలో 22 నానోమీటర్ల పద్ధతిలో, ఇంకొకటి మన మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల పద్ధతిలో తయారయ్యాయి. తిరువనంతపురం సీడాక్ వేగా ప్రాసెసర్లు చేసింది. 2022లో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ ఇండియా రిస్క్ ఫైవ్ కార్యక్రమం ప్రకటించింది. 2025లో ఇస్రో, మద్రాస్ ఐఐటీ కలిసి శక్తి ఆధారంగా ఐరిస్ అనే చిప్పును మొహాలీలో తయారుచేయించాయి. 180 నానోమీటర్లంటే పాత పద్ధతే కదా అని పెదవి విరిచేవాళ్లున్నారు. రాకెట్టులో, విద్యుత్ మీటర్లో, పంపుసెట్టులో పెట్టే చిప్పుకు అదే చాలు. అవి మన సొంతం కావడం ముఖ్యం.

నా బెంగ ఇంకొక చోట ఉంది. చిప్పు విడుదలైన రోజున ఫొటోలొస్తాయి. ఆ తరవాత పదేళ్లపాటు దాని కంపైలర్‌ను, లైబ్రరీలను, డ్రైవర్లను చూసుకునే పనికి డబ్బులెవరిస్తారు? చిప్పులో తప్పులున్నాయేమో వెదికే వెరిఫికేషన్ పనికి ఎంత కేటాయిస్తున్నారు? 1994లో పెంటియంలోని ఒక పట్టీలో కొన్ని విలువలు నింపడం మరిచిపోతే భాగహారం తప్పొచ్చింది. దాన్ని ఒక గణిత ప్రొఫెసర్ పట్టుకున్నారు. ఆ పొరపాటుకు ఇంటెల్ 47 కోట్ల 50 లక్షల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ ఆఫీసుల్లో రోజంతా ఈ తప్పులు వెదికే పనిలో ఉన్న తెలుగు ఇంజనీర్లు ఎందరో. ప్రపంచమంతా వాడే చిప్పుల్లో వాళ్ల చెమట ఉంది. ఆ నైపుణ్యంలో కొంతైనా బహిరంగ పట్టికకు చేరేలా ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు దారి వేయాలని నా గట్టి కోరిక.

రాబోయే కాలంలో పోటీ రూపమే మారుతోంది. 2005 ప్రాంతంలోనే ట్రాన్సిస్టరు చిన్నదైనకొద్దీ వేడి తగ్గే పాత సౌలభ్యం ఆగిపోయింది. అన్ని పనులూ చేసే ఒక్క ప్రాసెసర్‌ను ఏడాదికేడాది వేగం చేయడం ఇక కుదరదని తేలిపోయింది. అందుకే ఒక్కో పనికి ఒక్కో ప్రత్యేక చిప్పు వస్తోంది. గూగుల్ 2015లో తన డేటా సెంటర్లలో వాడడం మొదలుపెట్టిన మొదటి టీపీయూ చిప్పులో 65,536 చిన్న గుణకార యంత్రాలు వరసలు కట్టి ఉండేవి, కృత్రిమ మేధకు కావలసిన లెక్కలే అవి చేసేవి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్పులు కూడా ఇదే పనిలో ఉన్నాయి. ఎన్‌విడియా బలమంతా చిప్పులోనే ఉందనుకుంటే పొరపాటు. 2000ల్లో మొదలుపెట్టిన ‘కూడా’ (CUDA) అనే దాని ప్రోగ్రామింగ్ వ్యవస్థలో లక్షలమంది రాసిన కోడ్ పోగుపడి ఉంది. 8086 చుట్టూ జరిగిందే మళ్లీ జరుగుతోంది, చోటు మాత్రమే మారింది. సీపీయూలో ఆర్మ్ గెలిచిందా, రిస్క్ ఫైవ్ గెలిచిందా అని మనం చూస్తూ కూర్చుంటే, అసలు తాళంచెవి ఇంకొకరి జేబులోకి చేరిపోతుంది. ఆ ప్రత్యేక చిప్పులకు కూడా బహిరంగ ఒప్పందం ఉండాలని ఇప్పుడే అడగాలి. ఒకే ఆదేశంతో ఎన్నో అంకెల మీద ఒకేసారి పనిచేసే వెక్టర్ ఆదేశాలు రిస్క్ ఫైవ్‌లో 2021లో ఖరారయ్యాయి, అందుకు అవి ఒక పునాది.

కొనేవాడి షరతు గురించి ఇందాక చెప్పాను. ఐబీఎం ఒక్క షరతు పెడితే ఏఎండీ బతికింది. మన రైల్వే, బ్యాంకులు, విద్యుత్ సంస్థలు కొనే యంత్రాల పరిమాణం చిన్నది కాదు. టెండరులో రెండు ముక్కలు చేర్చినా చాలు. ఈ సాఫ్ట్‌వేర్ కనీసం రెండు వేర్వేరు ఆర్కిటెక్చర్ల మీద నడిచి చూపించాలి, సోర్సు కోడ్ మన దగ్గరుండాలి అని. అప్పుడు ఎక్కడో ఒక కంపెనీ ఒక ప్రాసెసర్‌ను ఆపేసినా మనం ఇంకో దానికి మారిపోగలం.

రెండో పని మన కాలేజీల్లో జరగాలి. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ మైక్రోప్రాసెసర్ ల్యాబుల్లో 8085, 8086 కిట్ల మీద నేర్పే అలవాటు ఇంకా చాలాచోట్ల పోలేదు. పునాదులు నేర్పడానికి అవి ఒకప్పుడు చక్కగా పనికొచ్చాయి, కాదనను. కానీ ఆ పట్టిక నేర్చుకున్న పిల్లవాడు దాని నేటి రూపంతో సొంతంగా ఒక ప్రాసెసర్ చేసి బయట పెట్టాలంటే లైసెన్సు చిక్కులు తప్పవు. రిస్క్ ఫైవ్ మూల పట్టికను ఒక సెమిస్టరులో పూర్తిగా నేర్పవచ్చు. అది వచ్చిన విద్యార్థి తన ప్రాసెసర్‌ను తానే గీసి, లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగలిగే చవకైన ఎఫ్‌పీజీఏ బోర్డు మీద నడిపి, నచ్చితే నలుగురికీ పంచవచ్చు. సిలబస్ సవరించే కమిటీల్లో ఉన్న పెద్దలు ఈ ప్రసంగం వింటుంటే ఈ ఒక్క మార్పు గురించి ఆలోచించమని వేడుకుంటున్నాను. బోర్డు కొనలేని చోట ఏదో ఒక పాత ల్యాప్‌టాప్, క్యూఈఎంయూ అనే ఉచిత ఎమ్యులేటర్ ఉంటే చాలు, మొదటి ప్రోగ్రాము ఆ రోజే నడుస్తుంది. రిస్క్ ఫైవ్ పట్టిక వివరణ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మద్రాస్ ఐఐటీ శక్తి ప్రాసెసర్ల డిజైను కోడ్ కూడా ఎవరైనా తీసుకుని మార్చుకునే లైసెన్సుతో అక్కడే ఉంది.